1913లో ఒక ముంగిసకు పేరు పెట్టారు, అదే ఏడాది ఒక అమ్మను దేశం చివరికి తోలేశారు



ఈసారి నా పోస్టు ముంగిస గురించి. నవ్వకండి. "చరిత్ర రాస్తానని ముంగిస మీద పడ్డావేంటిరా" అని మా హాస్టల్ రూంలోనే అడిగేశారు. ముంగిస అంటే మనకు కోళ్ళ గూడు చుట్టూ తిరిగే దొంగ, లేకపోతే పాముతో కొట్లాడే మొనగాడు. దానికి చరిత్ర ఏముంటది అనిపిస్తది. కానీ నేను చెప్పబోయే ముంగిస మన దగ్గరది కాదు, ఆఫ్రికాది. దాని వెంట పోతే ఒక అడవి వచ్చింది. అడవి వెంట పోతే మనుషులు వచ్చారు. ఆ మనుషుల కథ మనకు బాగా తెలిసిన కథలాగే ఉంది. అందుకే రాస్తున్నాను. పొడుగు పోస్టు, ఓపికగా చదవండి.

ముందు జంతువు సంగతి

ఆఫ్రికా తూర్పు ఒడ్డున కెన్యా, టాంజానియా దేశాలు ఉన్నాయి గదా. మన దేశం పడమటి ఒడ్డు నుండి అరేబియా సముద్రం దాటి అవతలి ఒడ్డుకు పోతే అదే. ఆ ఒడ్డు వెంట ఒకప్పుడు సోమాలియా నుండి మొజాంబిక్ దాకా తీర అడవుల వరస ఉండేది. ఇప్పుడు ముక్కలు ముక్కలుగా మిగిలింది. కెన్యాలో మాలింది అనే ఊరి దగ్గర మిగిలిన ముక్క పేరు అరబుకో సొకోకె. సుమారు 420 చదరపు కిలోమీటర్లు. తూర్పు ఆఫ్రికాలో మిగిలిన ఎండు తీర అడవుల్లో ఇదే పెద్దది.

ఈ అడవి పేరు మీదనే ఆ జంతువును సొకోకె ముంగిస అంటున్నారు. తోక కుచ్చులాగ గుబురుగా ఉంటది. కాళ్ళు నల్లగా ఉంటయి, ఒళ్ళు బూడిద, పసుపు కలిసిన రంగు. మన ఊరి ముంగిసకు పాదానికి అయిదు వేళ్ళు. దీనికి నాలుగే. అందుకే దీని దగ్గరి చుట్టాలను కూడా కలిపి నాలుగు వేళ్ళ ముంగిసలు అంటారు. మనది పగలు తిరుగుద్ది, ఇది రాత్రి తిరుగుద్ది. పగలంతా బొరియల్లో, చెట్టు తొర్రల్లో దాక్కొని, చీకటి పడ్డాక ఒంటరిగా బయటికి వచ్చి, ముక్కు నేలకు ఆనించి, రాలిన ఆకుల కింద పురుగులు, చెదలు, పేడపురుగులు తవ్వుకొని తింటది. ఎండ్రకాయ, బల్లి, ఎలుక దొరికినా వదలదు.

మనిషి కంట పడేది బాగా తక్కువ. చెట్లకు కెమెరాలు కట్టి, రాత్రి దాని ముందు నుంచి ఏదైనా నడిస్తే దానంతట అదే ఫోటో తీసుకునే పద్ధతి వచ్చాకే దీని గురించి కాస్త ఎక్కువ తెలుస్తోంది. మన పులుల లెక్కకు కట్టేవి కూడా ఆ కెమెరాలే, మీలో చాలామంది చూసే ఉంటారు. ఐయూసీఎన్ రెడ్ లిస్టులో ఈ ముంగిస వల్నరబుల్ అనే వరసలో ఉంది, అంటే ముప్పులో పడ్డ జంతువులతో కలిపి లెక్క.

ఇది బతకాలంటే పెద్ద పెద్ద చెట్లు నిలబడి ఉంటే సరిపోదు. కింద ఆకు రాలి, కుళ్ళి, అందులో పురుగు పుట్టాలి. అడవి నేల బతికుండాలి. పైనుండి శాటిలైట్ ఫోటోలో పచ్చగా కనిపించే అడవికి, కింద నేల బతికున్న అడవికి తేడా ఉందని మన పెద్దోళ్ళను అడిగితే చెప్తారు. టేకు ప్లాంటేషన్ కూడా పైనుండి పచ్చగానే ఉంటది గదా.

పేరు ఎవరు పెట్టారు

ఈ జంతువుకు పుస్తకాల్లో ఉన్న పేరు బ్డియోగేల్ ఒమ్నివొరా. ఒమ్నివొరా అంటే లాటిన్‌లో అన్నీ తినేది అని. ఈ పేరు 1913లో పెట్టినవాడు ఎడ్మండ్ హెల్లర్ అనే అమెరికా జంతు శాస్త్రజ్ఞుడు. అమెరికా అధ్యక్షుడుగా పనిచేసి దిగిపోయిన రూజ్‌వెల్ట్ 1909లో తూర్పు ఆఫ్రికాకు పెద్ద వేట యాత్ర చేశాడు. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియం కోసం వేల జంతువుల చర్మాలు, పుర్రెలు ఆ యాత్రలో సేకరించారు. హెల్లర్ ఆ యాత్రలో ఉన్నవాడే. తర్వాత మళ్ళీ వచ్చి ఇంకా సేకరించాడు.

ఈ ముంగిసకు ఆధారంగా తీసుకున్న మొదటి నమూనా మజెరాస్ అనే చోట దొరికింది. మజెరాస్ అంటే మొంబాసా రేవు నుండి లోపలికి పోయే రైలు దారి మీద ఒక ఊరు. ఆ రైలు దారిని 1896 నుండి 1901 దాకా బ్రిటిష్ వాళ్ళు వేశారు. వేసిన కూలీలు ఎక్కువమంది మన దేశం నుండి ఓడల్లో తీసుకుపోయినవాళ్ళే. రైలు వచ్చాకే తుపాకులు, పన్ను వసూలు ఆఫీసర్లు, మ్యూజియం వాళ్ళు అందరూ లోపలికి సులువుగా పోగలిగారు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. రోడ్డు, రైలు వచ్చినప్పుడు దాని మీద ఏమేం వస్తయో మనకు తెలుసు.

హెల్లర్ దీన్ని వేరే ముంగిసలో ఒక ఉపజాతిగా రాశాడు. దాదాపు వందేళ్ళు అలాగే ఉండిపోయింది. ఈ మధ్యనే ఇది వేరే జాతి అని లెక్కించడం మొదలుపెట్టారు. ఇప్పటికీ ఒప్పుకోని శాస్త్రజ్ఞులు ఉన్నారు. ఉపజాతి అంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు, జాతి అంటే రెడ్ లిస్టులో వేరే పేజీ వస్తది, కాపాడటానికి డబ్బులు వస్తయి. కాగితం మీద ఏ పేరు కింద రాశారు అనేదాన్ని బట్టి బతుకు మారిపోవడం మనకు కొత్త కాదు. ఏ జాబితాలో ఉన్నాం, ఏ ఊరు షెడ్యూల్డ్ ఏరియాలో ఉంది, ఏది లేదు అనే గొడవ మన ఇళ్ళల్లో రోజూ ఉండేదే.

ఆ నేల ఎవరిది

మజెరాస్ చుట్టూ, అక్కడి నుండి ఉత్తరంగా అరబుకో సొకోకె దాకా ఉన్నది మిజికెండ ప్రజల నేల. మిజికెండ అంటే తొమ్మిది ఊళ్ళు, తొమ్మిది ఇళ్ళు అని అర్థం. తొమ్మిది తెగలు కలిసి ఆ పేరు. అందులో పెద్దది గిరియామా. ఉత్తరాన సింగ్వాయా అనే చోటు నుండి తరుముకొస్తే ఇటు వచ్చామని వాళ్ళ పెద్దలు చెప్పుకుంటారు.

వచ్చాక వాళ్ళు అడవి మధ్యలో గుట్టల మీద ఊళ్ళు కట్టుకున్నారు. ఆ ఊరిని కాయా అంటారు. మన తెలుగు కాయ కాదు. వాళ్ళ మాటలో కాయా అంటే ఇల్లు, ఊరు. చుట్టూ దట్టమైన అడవి కోటగోడలాగ ఉంటది. లోపలికి ఒకటి రెండు దారులే. మధ్యలో ఫింగో అని ఒక కాపు వస్తువును భూమిలో పాతిపెడతారు. తర్వాత రోజుల్లో జనం కాయాలు వదిలి పొలాల దగ్గరికి పోయి ఇళ్ళు కట్టుకున్నారు. కానీ కాయా అడవి అలాగే ఉండిపోయింది. అక్కడ పెద్దల సమాధులు ఉన్నాయి, మొక్కులు అక్కడే, వానల కోసం పూజ అక్కడే, తగువులు తీర్చేదీ అక్కడే. అక్కడ చెట్టు కొట్టకూడదు, దారి వదిలి పక్కకు నడవకూడదు. కాపలా కాసేది పెద్దమనుషుల సభ.

మన దగ్గర దేవర వనం, ఊరి గుట్ట, పెద్దల రాళ్ళు పాతిన చోటు ఎట్లా ఉంటయో ఇదీ అంతే. ఒక్కో కాయా అడవి ఎంతని చూస్తే 30 నుండి 300 హెక్టార్లు. చిన్నవే. కానీ చుట్టూ అంతా కొట్టుకుపోయి కొబ్బరి తోటలు, జీడి తోటలు, ఊళ్ళు అయిపోయినా ఇవి మిగిలాయి. 2008లో యునెస్కో పది కాయా అడవులను ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. ఏ ఫారెస్ట్ డిపార్ట్‌మెంటూ లేని కాలం నుండి పెద్దల మాట మీద నిలబడ్డ అడవులు అవి.

1913లో ఏం జరిగింది

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా.

గిరియామా వాళ్ళు అప్పటికి బాగా బతుకుతున్న రైతులు. జొన్న, మొక్కజొన్న పండించి ఒడ్డుకు అమ్మేవాళ్ళు. ఏనుగు దంతాల వ్యాపారం ఉంది. కొబ్బరి కల్లు ఉంది. ఒకడి తోటలో కూలికి పోవాల్సిన అవసరం వాళ్ళకు లేదు. బ్రిటిష్ వాళ్ళకు ఇదే బాధ అయ్యింది. తెల్లోళ్ళ తోటలకు, రేవు పనులకు కూలీలు కావాలి. వీళ్ళేమో రారు. అందుకని గుడిసెకు ఇంత అని పన్ను వేశారు. పన్ను నాణేల్లోనే కట్టాలి, నాణేలు కావాలంటే కూలికి పోవాలి. దానికి తోడు సబాకి నది ఉత్తరపు ఒడ్డున ఉన్న మంచి భూముల నుండి గిరియామా వాళ్ళను ఖాళీ చేయించాలని చూశారు. ఈ పని మీద వచ్చిన ఆఫీసరు పేరు ఆర్థర్ చాంపియన్.

అప్పుడు లేచిన మనిషి ఒక ఆడమనిషి, భర్త పోయినావిడ, వయసులో పెద్దది. పుట్టినప్పుడు పెట్టిన పేరు మ్న్యాజి. అందరూ పిలిచేది మెకటిలిలి అని. అంటే కటిలిలి వాళ్ళమ్మ. మన ఊళ్ళల్లో కూడా ఆడవాళ్ళను బిడ్డ పేరుతోనే పిలుస్తారు గదా, అట్లాగే. పూర్తిగా రాస్తే మెకటిలిలి వా మెంజా.

ఆమె ఊరూరా తిరిగింది. కిఫుదు అని చావు కార్యాల్లో ఆడే ఆట ఉంది వాళ్ళకు. ఆ ఆట ఆడుతూ పోతే జనం వెనక వచ్చేవాళ్ళు. జనం పోగయ్యాక మాట్లాడేది. వాంజె వా మ్వాదోరికోలా అనే పెద్దాయన ఆమెకు తోడు నిలిచాడు. జనాన్ని కాయా ఫుంగోకు పిలిపించారు. అది గిరియామా వాళ్ళ పెద్ద కాయా. మజెరాస్ నుండి ఒక రోజు నడక. అక్కడ ఆడవాళ్ళు ఒక ఒట్టు, మగవాళ్ళు ఇంకో ఒట్టు వేశారు. పన్ను కట్టం, కూలికి పోము, పిల్లలను పంపం, తెల్లోళ్ళకు సాయం చేసే మనోడికి కూడా సాయం చేయం అని.

ఆమె గురించి గిరియామా వాళ్ళు ఈనాటికీ చెప్పుకునే కథ ఒకటి ఉంది. చాంపియన్ సభ పెట్టి మీ కుర్రాళ్ళను ఇవ్వండి అని అడిగితే, ఆమె పిల్లల కోడిని తెచ్చి ముందు వదిలి, "ఒక్క పిల్లను పట్టు చూద్దాం" అందట. అతను చెయ్యి పెట్టగానే కోడి పొడిచింది. "మా బిడ్డల మీద చెయ్యి వేస్తే నీకు జరిగేది ఇదే" అని చెప్పిందట. కోడిపెట్టను చూసి పెరిగిన ఎవరికైనా ఈ మాట అర్థం అవుద్ది. ఇంగ్లీషు ఆఫీసరుకు కూడా అర్థమయ్యే ఉంటది.

1913 అక్టోబరులో ఆమెను, వాంజెను పట్టుకొని దేశం పడమటి చివర ఉన్న కిసీకి తోలేశారు. ఒడ్డు నుండి వందల కిలోమీటర్లు. భాష తెలియని చోటు. 1914 జనవరిలో ఇద్దరూ అక్కడి నుండి తప్పించుకున్నారు. అడవులు, గడ్డి మైదానాలు దాటుకుంటూ నడిచి తిరిగి వచ్చారు. ఆ వయసులో!

1914 ఆగస్టు మొదట్లో బ్రిటిష్ వాళ్ళు కాయా ఫుంగోను డైనమైట్ పెట్టి పేల్చేశారు. పెద్ద చెట్లు కూల్చి తగలబెట్టారు. అదే వారంలో యూరప్‌లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. యుద్ధానికి సామాను మోసే మనుషులు కావాలని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. గిరియామా వాళ్ళు తిరగబడ్డారు. విల్లు, బాణాలకు ఎదురుగా రైఫిళ్ళ పటాలం. ఇళ్ళు తగలబెట్టారు, మేకలను తోలుకుపోయారు. చివరికి తెగ మొత్తం మీద లక్ష రూపాయల జరిమానా వేశారు. రూపాయలు అని నేను పొరపాటున రాయలేదు. అప్పుడు బ్రిటిష్ తూర్పు ఆఫ్రికాలో నడిచింది మన ఇండియా రూపాయే. మన దగ్గర పన్ను పిండిన నాణెంతోనే అక్కడా పిండారు.

మెకటిలిలిని మళ్ళీ పట్టుకొని మళ్ళీ దూరం పంపారు. 1919లో వదిలారు. తిరిగొచ్చి ఆమె, వాంజె మళ్ళీ కాయాలోనే ఉన్నారు. సబాకి అవతలి భూముల్లోకి కూడా గిరియామా జనం తిరిగి పోయారు. పూర్తిగా ఓడిపోయారని నేను అనను.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. 1913లో వాషింగ్టన్‌లో ఒక ముంగిసకు లాటిన్ పేరు అచ్చయ్యింది. అదే ఏడాది, ఆ ముంగిస దొరికిన నేల మీదనే, ఆ అడవులను అప్పటిదాకా కాపాడిన జనం పెద్దను పట్టుకొని తోలేశారు. ఒక చేత్తో అడవిలోని జంతువుకు పేరు రాశారు, ఇంకో చేత్తో అడవి కాపలాదారును తీసేశారు. మరుసటి ఏడాది ఆ అడవికే డైనమైట్ పెట్టారు. జంతువు గురించి రాసిన పుస్తకాల్లో మొదటి సంగతి ఒక్కటే ఉంటది. రెండోది చరిత్ర పుస్తకాల్లో ఉంటది. రెండు పుస్తకాలూ ఒకే బల్ల మీద పెట్టి చదివేవాళ్ళు తక్కువ.

మనకు ఇది ఎందుకు తెలిసినట్టుంది

1879లో రంప తిరుగుబాటు ఎందుకు వచ్చింది? కల్లు మీద పన్ను, మన్సబ్‌దారు దోపిడీ. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడుకు, అడవిలో తిరగడానికి అడ్డం పడింది. గూడెం కొండల్లో బాస్టియన్ అనే తహసీల్దారు రోడ్డు పనికి మనోళ్ళ చేత సరైన కూలి లేకుండా చాకిరీ చేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు వెనక గాం గంటందొర, మల్లుదొర లాంటివాళ్ళు, వందల మంది కొండ జనం నడిచారు. అటు గిరియామా, ఇటు మన్యం. ఒకరికొకరు తెలియదు. కానీ పన్ను, కూలి, భూమి, కల్లు, రోడ్డు, అన్నీ అవే. దోచుకునే ఆఫీసు ఒకటే కాబట్టి.

మనకు పుస్తకాల్లో పెద్ద పేర్లు మిగిలాయి. ఆ రోజుల్లో అన్నం మూట కట్టి పంపిన అమ్మల పేర్లు, కబురు మోసిన అక్కల పేర్లు ఎన్ని మిగిలాయి? గిరియామా వాళ్ళు మెకటిలిలి పేరును పాటల్లో, చెప్పుకునే కథల్లో నిలబెట్టుకున్నారు. అందుకే అది ఇవాళ కెన్యా బడి పుస్తకాల దాకా పోయింది. ఇది మనం ఆలోచించాల్సిన సంగతి.

తర్వాత అడవికి ఏమైంది

అరబుకో సొకోకెను 1930లలో ప్రభుత్వ అడవిగా ప్రకటించి, 1943లో గెజిట్‌లో ఎక్కించారు. గెజిట్ అంటే కాపాడటం అనుకుంటాం. కానీ ఆ రోజుల్లో కలప కోసమే గెజిట్. మంచి చెట్లన్నీ రంపపు మిల్లులకు పోయాయి. తర్వాత ముహుగు అనే గట్టి చెట్టును టూరిస్టులకు అమ్మే బొమ్మలు చెక్కడానికి కొట్టేశారు. దొంగ కలప, బొగ్గు, తీగ ఉచ్చులు ఇప్పటికీ ఆగలేదు. ఉచ్చు జింక కోసం పెట్టినా, రాత్రి ముక్కు నేలకు ఆనించి నడిచే ముంగిసకు ఆ తేడా తెలియదు గదా.

ఇంకో జనం కథ కూడా చెప్పాలి. వాటా అని వేట మీద బతికిన చిన్న తెగ. ఒడ్డుకూ, లోపల సావో మైదానాలకూ మధ్య తిరిగేవాళ్ళు. మన చెంచుల లాగా విల్లులో మొనగాళ్ళు. పొడుగు విల్లు, చెట్టు నుండి కాచిన విషం పూసిన బాణంతో ఏనుగునే పడగొట్టేవాళ్ళు. 1948లో సావోను నేషనల్ పార్కు చేశారు. అప్పటిదాకా వేటగాడు అన్న మనిషి ఒక్క కాగితంతో దొంగ అయ్యాడు. 1956, 57 సంవత్సరాల్లో పెద్ద దాడులు చేసి వాటా మగవాళ్ళను జైళ్ళల్లో పెట్టారు. ఆ విల్లులు పోయాక ఏనుగులు బతికాయా అంటే, 1970లలో తుపాకులతో వచ్చిన దంతాల వ్యాపారం వేలకు వేల ఏనుగులను చంపింది. జైలుకు పోయింది విల్లు పట్టినవాడు. దంతం అమ్ముకొని మేడలు కట్టినవాళ్ళు వేరే. వాటా కుటుంబాలు ఇప్పుడు అరబుకో సొకోకె అంచుల్లో కూడా ఉన్నాయి, ఎక్కువమంది భూమి లేకుండా.

అక్కడి రైతులకు అడవి మీద ప్రేమ కారిపోతోందని కూడా నేను రాయను. అది అబద్ధం అవుద్ది. ఏనుగులు వచ్చి మొక్కజొన్న తొక్కేస్తయి. అడవిలోకి పోతే కేసు. అందుకే 1990ల మొదట్లో చుట్టుపక్కల చాలామంది ఆ అడవి కొట్టేసి భూములు పంచండి అన్నారు. వాళ్ళను తప్పు పట్టడానికి ముందు, అడవి వాళ్ళ చేతిలో నుండి తీసేసి యాభై ఏళ్ళు అయిందని గుర్తు చేసుకోవాలి. నాది కానిదాన్ని నేనెందుకు కాపాడాలి అనే మాట మన గూడేల్లో కూడా వినిపిస్తది.

1993లో అక్కడ కిపెపెయో అనే పని మొదలైంది. స్వాహిలీలో కిపెపెయో అంటే సీతాకోకచిలుక. కెన్యా జాతీయ మ్యూజియం సంస్థ తరఫున నడుస్తది. అంచు ఊళ్ళ రైతులు తల్లి సీతాకోకలను అడవి నుండి పట్టుకొచ్చి, ఇంటి దగ్గర గుడ్లు పెట్టించి, గొంగళ్ళను అడవి మొక్కల ఆకులతో పెంచి, ప్యూపాలను అమ్ముతారు. యూరప్, అమెరికాల్లో సీతాకోకల ప్రదర్శనశాలలు వాటిని కొంటయి. అడవి ఉంటేనే తల్లి సీతాకోక, అడవి ఉంటేనే ఆకు. డబ్బు చేతికి వచ్చాక ఆ ఇళ్ళల్లో అడవి మీద మాట మారింది. దానివల్ల అందరి బతుకులూ మారలేదు, కొన్ని వందల ఇళ్ళకే పని. కానీ జనాన్ని బయట ఉంచి అడవిని కాపాడలేం అని ఆ పని చూపించింది.

దాడులు ఆగలేదు. 2014 ప్రాంతంలో ఒక చమురు కంపెనీ అరబుకో సొకోకెలో సర్వే చేస్తామని వచ్చింది. జనం, పర్యావరణ సంఘాలు అడ్డుపడితే వెనక్కి పోయింది. ఆ అడవికి దగ్గర్లోనే సముద్రం ఒడ్డున ఉయోంబో అనే చోట అణు విద్యుత్ కేంద్రం పెట్టాలని ప్రభుత్వం అనుకుంటే 2024లో ఊరి జనం రోడ్డెక్కారు. నల్లమలలో యురేనియం తవ్వకాల మీద 2019లో చెంచులు, మిగతా జనం లేచి నిలబడితే తెలంగాణ అసెంబ్లీ తవ్వకాలు వద్దని తీర్మానం చేయాల్సి వచ్చింది గదా. అట్లాంటిదే.

పెద్దోళ్ళను చంపుకుంటే

ఒక చేదు సంగతి కూడా రాస్తున్నా. గిరియామా ప్రాంతంలో కొన్నేళ్ళుగా ముసలివాళ్ళను మంత్రగాళ్ళని ముద్ర వేసి చంపుతున్నారు. చాలాసార్లు వెనక ఉన్నది భూమి. ముసలాయన పోతే భూమి అమ్ముకోవచ్చు. తప్పించుకొచ్చిన ముసలివాళ్ళకు నీడ ఇవ్వడానికి అక్కడ ప్రత్యేకంగా చోటు కూడా పెట్టాల్సి వచ్చింది. కాయా అడవిని కాపాడే విద్య ఉన్నది ఆ పెద్దల దగ్గరే. వాళ్ళు పోతే కాయాలో చెట్టు కొట్టకూడదని చెప్పేవాడు ఉండడు.

చేతబడి అని మన ఏజెన్సీలో కూడా మనుషులను కొట్టి చంపిన వార్తలు చదువుతూనే ఉన్నాం. తెల్లోళ్ళు, ఫారెస్టోళ్ళు, కంపెనీలు అని బయటివాళ్ళను అన్నాం. ఇది మాత్రం మన చేతుల్లోనే జరుగుతున్నది. మన గ్రూపులో చదువుకున్నవాళ్ళు ఉన్నారు. ఊర్లో ఆ మాట లేచినప్పుడు మొదట అడ్డం నిలబడాల్సింది మనమే.

మనం చేయగలిగింది

ఇంత రాసి "జై" అని ఆపేస్తే ఉపయోగం లేదు. మనకు చట్టంలో ఉన్నవి మూడు చెప్తా.

ఒకటి, అటవీ హక్కుల చట్టం 2006. అందరం పోడు పట్టా గురించే మాట్లాడతాం. అందులో 3(1)(ఐ) కింద ఊరి ఉమ్మడి అడవిని కాపాడుకునే, పెంచుకునే హక్కు గ్రామసభకు ఉంది. 3(1)(కె) కింద మన పూర్వీకుల అడవి జ్ఞానం మీద ఊరికి ఉమ్మడి హక్కు ఉంది. పట్టాతో పాటు ఈ రెండూ అడగాలి.

రెండు, అదే చట్టంలో సెక్షన్ 4(2). అడవి జంతువుల కోసం ఊరిని కదిలించాలంటే హక్కుల గుర్తింపు ముందు పూర్తి కావాలి, గ్రామసభ అన్నీ తెలుసుకొని ఇష్టంతో ఒప్పుకోవాలి. "పులి కోసం పోండి" అని ఎవరైనా వస్తే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది.

మూడు, జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. ఊరి చుట్టూ ఉన్న చెట్టు, పిట్ట, జంతువు, వాటి స్థానిక పేర్లు, వాడకం అన్నీ అందులో ఎక్కాలి. మీ పంచాయతీకి పోయి ఆ రిజిస్టరు చూపించమని అడగండి. ఉంటే అందులో ఎవరు రాశారో, మన భాష పేర్లు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే రాయించండి.

ఒక ముంగిసకు 1913లో పేరు రాసినవాడు వేల మైళ్ళ నుండి వచ్చాడు. మన గుట్టల మీద తిరిగే వాటికి పేరు రాయడానికి వేల మైళ్ళ నుండి ఎవరూ రావాల్సిన పని లేదు. మన అవ్వల దగ్గర ఉన్నాయి. వాళ్ళు ఉన్నప్పుడే రాసుకోవాలి.

మొదలు ఇక్కడి నుండే పెడదాం. కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండరెడ్ల మాట, చెంచుల మాట, ఎవరిది వాళ్ళు కామెంట్లో రాయండి: ముంగిసను ఏమంటారు, మీ దగ్గర ఎన్ని రకాలు, రాత్రి తిరిగేది ఉందా, దాని మీద ఏదైనా కథ గానీ, చంపకూడదనే కట్టు గానీ ఉందా. పక్కన ఊరి పేరు, చెప్పిన పెద్దల వయసు రాయండి. అన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కించే పని నేను చేస్తా. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఫోనులో రికార్డు చేసి తెచ్చినా సరే.

జోహార్.